ఆవిరికి స్కేలు లేదు

హ్యారీ పాటర్ సినిమాల్లో పిల్లల్ని మంత్రవిద్య బడికి చేర్చే ఎర్ర ఇంజను పుట్టుకతో ఎర్రది కాదు. దాని అసలు పేరు హాగ్వార్ట్స్ కాజిల్ కూడా కాదు. 1937లో ఇంగ్లండ్‌లోని స్విండన్ వర్క్‌షాపు నుంచి బయటికొచ్చిన రోజున దాని ఒంటికి ముదురు ఆకుపచ్చ రంగు, చక్రాల పైని పలక మీద ‘ఓల్టన్ హాల్’ అన్న పేరు, 5972 అన్న నంబరు ఉన్నాయి. సినిమా కోసం రంగు మార్చారు, పేరు మార్చారు. నంబరు మాత్రం అలాగే ఉంచేశారు. ఆ ఇంజనుకి చిన్న నమూనా చెయ్యాలని కూర్చున్నవాడికి ఆ నాలుగు అంకెలే మొదటి ఆధారం. వాటిని పట్టుకుంటే అది ఏ తరగతి ఇంజనో, ఏ బాయిలరో, ఏ చక్రమో అన్నీ తెలిసిపోతాయి.

తెర మీద చూసి ప్రేమించిన ఇంజనుకి నమూనా చెయ్యడంలో ఒక చిక్కుంది. అసలు ఇంజను ఒకటి, తెర మీది ఇంజను ఒకటి. రెంటికీ ఇనుము ఒకటే అయినా రూపం వేరు. గ్రేట్ వెస్ట్రన్ రైల్వే తన ఇంజన్లకి ఎరుపు వెయ్యలేదు. ఆ కంపెనీ రైళ్లు లండన్‌లో పాడింగ్టన్ నుంచి బయల్దేరేవి. సినిమాలో ఈ రైలు బయల్దేరేది కింగ్స్ క్రాస్ నుంచి. ఓల్టన్ హాల్ ఉద్యోగం చేసిన దారులు ఇంగ్లండ్ పడమర, వేల్స్ వైపు. సినిమాలో అది పరుగెత్తేది స్కాట్లండ్ కొండల్లో, 1901లో తెరిచిన గ్లెన్‌ఫినన్ కాంక్రీటు వంతెన మీద. రైళ్ల చరిత్ర తెలిసినవాడికి ఇవన్నీ కంట్లో నలుసుల్లా తగులుతాయి. సినిమా చూసి మురిసిన పిల్లవాడికి ఇందులో ఒక్కటీ పట్టదు. నమూనా చేసేవాడు ఈ ఇద్దరిలో ఎవరికోసం చేస్తున్నాడో ముందే తేల్చుకోవాలి.

ఈ ఇంజను సినిమాల్లోకి వచ్చిన తీరు కూడా మామూలుది కాదు. ఇది చెందిన హాల్ తరగతిని రూపొందించినవాడు గ్రేట్ వెస్ట్రన్ చీఫ్ మెకానికల్ ఇంజనీరు చార్లెస్ కాలెట్. 1924లో ‘సెయింట్ మార్టిన్’ అనే పాత ఇంజనుకి చిన్న చక్రాలు తొడిగి చూశాడు. పాసింజరు బళ్లకీ, గూడ్సు బళ్లకీ రెంటికీ పనికొచ్చింది. దాని పద్ధతిలోనే తర్వాత 1943 దాకా 258 హాల్ ఇంజన్లు తయారయ్యాయి. ఓల్టన్ హాల్‌ని 1963 డిసెంబరులో పనిలోంచి తీసేశారు. మరుసటి ఏడు అది వేల్స్‌లో బ్యారీ ఊళ్లోని వుడ్‌హామ్ బ్రదర్స్ తుక్కు యార్డుకి చేరింది. ఆ యార్డువాళ్లు పాత పెట్టెల్ని ముందు కోస్తూ ఇంజన్లని పక్కన పడేశారు. దానివల్ల ఆవిరి ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లకి టైము దొరికింది. ఆ ఒక్క యార్డు నుంచి 213 ఇంజన్లని బతికించి తెచ్చుకున్నారు. ఓల్టన్ హాల్ సముద్రపు గాలికి తుప్పు పట్టి 1981 దాకా అక్కడే ఉంది. మళ్లీ మెయిన్ లైను మీద పరుగెత్తింది 1998లో.

సినిమావాళ్ల కన్ను ముందు దీని మీద పడలేదు. 2000లో హ్యారీ పాటర్ పుస్తకం ప్రచారానికి ‘టా వ్యాలీ’ అనే మరో ఇంజనుకి ఎరుపు పూశారు. సినిమాకి అది మరీ కొత్తకాలపుదిలా ఉందని వదిలేశారు. ఓల్టన్ హాల్ చూపుకి పాతది: రాగి అంచున్న పొగగొట్టం, బాయిలరు నడినెత్తిన ఇత్తడి టోపీ, ముందుకు పోనుపోను సన్నబడే బాయిలరు, బయట తక్కువ కడ్డీలు. ఆ చివరి సంగతి నమూనాకారుడికి ముఖ్యమైనది. సిలిండర్లలోకి ఆవిరిని ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసే కడ్డీల అమరిక చాలా ఇంజన్లకి చక్రాల బయట కనిపిస్తుంది. ఇందులో అది చట్రం లోపల దాగి ఉంటుంది. బయటికి కనిపించేవి పిస్టన్‌నుంచి చక్రానికొచ్చే కడ్డీ, చక్రాల్ని ఒకదానికొకటి కలిపే కడ్డీ మాత్రమే. అల్మరాలో పెట్టే నమూనాకి ఇది వరం. ఆవిరితో నడిపించాలనుకుంటే మాత్రం ఎవరికీ కనపడని ఆ అమరికని వేళ్లు దూరని సందులో చెయ్యాల్సిందే.

ఇక కొలతలు. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే స్కేలు ఓఓ. అసలు ఇంజనులో ఒక అడుగు ఉన్నచోట నమూనాలో 4 మి.మీ. అంటే 76.2 వంతుల్లో ఒక వంతు. ఓల్టన్ హాల్ టెండరుతో, అంటే బొగ్గు, నీళ్లు మోసే వెనక బండితో, కలిపి 19.2 మీటర్ల పొడవు; నమూనా పాతిక సెంటీమీటర్లు. పెద్ద చక్రం వ్యాసం 6 అడుగులు, అంటే 1829 మి.మీ.; నమూనాలో 24 మి.మీ. ఇక్కడిదాకా భాగహారం వస్తే చాలు.

పట్టాల దగ్గరికి వచ్చేసరికి భాగహారం పనిచెయ్యదు. బ్రిటన్ పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. 76.2తో భాగిస్తే 18.83 రావాలి. దుకాణాల్లో దొరికే ఓఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. దీనికి కారణం వందేళ్ల కిందటి మోటార్లు. యూరపులో ఇంకొంచెం చిన్నదైన హెచ్‌ఓ స్కేలు, అంటే 87లో ఒక వంతు, వాడేవారు, 16.5 మి.మీ. పట్టాలు దానికి సరిగ్గా సరిపోతాయి. బ్రిటన్ ఇంజన్లు అసలుకే సన్నవి, ఎందుకంటే అక్కడి సొరంగాలు, ప్లాట్‌ఫారాలు ఇరుకు. 87లో ఒక వంతుకి కుదిస్తే ఆనాటి ఎలక్ట్రిక్ మోటారు ఇంజను ఒంట్లో పట్టేది కాదు. దాంతో పట్టాల్ని అలాగే ఉంచి ఇంజను ఒళ్లు కాస్త పెంచారు. ఇవాళ మోటార్లు వేలి గోరంత చిన్నవి వచ్చాయి. పట్టాలు మాత్రం మారలేదు, ఎందుకంటే అప్పటికే ఇళ్లనిండా అవే ఉన్నాయి. ఈ తేడా భరించలేనివాళ్లు 18.83 మి.మీ. పట్టాల్ని సొంతంగా వేసుకుంటారు. ఆ పట్టుదలంటే నాకు గౌరవం. అయితే ఒక్కసారి ఆ దారిలో అడుగు పెడితే చక్రాలు, ఇరుసులు, పట్టాలు విడిపోయే పాయింట్లు అన్నీ చేత్తోనే చేసుకోవాలి.

మలుపులు ఇంకో చిక్కు. గ్లెన్‌ఫినన్ వంతెన మీది మలుపు వ్యాసార్ధం సుమారు 241 మీటర్లు. ఓఓలో దాన్ని ఉన్నదున్నట్టు వెయ్యాలంటే 3.2 మీటర్ల వ్యాసార్ధం కావాలి, వంతెన ఒక్కటే అయిదు మీటర్లు పడుతుంది. బొమ్మ రైలు సెట్టులో వచ్చే మలుపు వ్యాసార్ధం 438 మి.మీ. అసలు రైలుకి అది 33 మీటర్ల మలుపుతో సమానం. ఓల్టన్ హాల్ అలాంటిదాంట్లోకి వెళ్తే పట్టాల మీద నిలవదు. నమూనా నిలవాలి కాబట్టి చక్రాల అంచులు కొలతకంటే లావుగా చేస్తారు, ఇరుసులకి పక్కకి జరిగే సందు వదుల్తారు, ముందున్న చిన్న చక్రాలు తిరిగేటప్పుడు సిలిండర్లకి తగలకుండా కొన్ని భాగాలు కత్తిరిస్తారు. చూసేవాళ్లకి ఇవేవీ కనపడకుండా చెయ్యడంలోనే పనితనం ఉంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా కరెంటు మోటారుతో నడిచే బొమ్మ సంగతి. నిజంగా నిప్పు వేసి, నీళ్లు కాచి, ఆవిరితో నడిపే నమూనాలు వేరే ఉన్నాయి. విజ్ఞానం పరీక్ష పెట్టేది అక్కడే. బ్రిటన్‌లో వీటికి బాగా వాడే గేజిల్లో (పట్టాల మధ్య దూరాల్లో) ఒకటి అయిదంగుళాలు, అంటే 127 మి.మీ. 1435ని 127తో భాగిస్తే 11.3. ఓల్టన్ హాల్ ఈ కొలతలో 1.7 మీటర్ల పొడవు వస్తుంది. డ్రైవరు అందులో పట్టడు కాబట్టి వెనకాల బండి మీద కూర్చుని, చెయ్యి ముందుకి చాపి ఆవిరిని వదిలే రెగ్యులేటర్ తిప్పుతాడు.

పొడవు 11.3 రెట్లు తగ్గితే వైశాల్యాలు 11.3ని 11.3తో హెచ్చించినంత, అంటే సుమారు 128 రెట్లు తగ్గుతాయి. ఘనపరిమాణం, దాంతో బరువు 1443 రెట్లు తగ్గుతాయి. ఈ మూడు అంకెలు మూడు దారుల్లో వెళ్లడమే అసలు సమస్య. ఓల్టన్ హాల్ బరువు టెండరు కాకుండా 76 టన్నులు. నమూనా 53 కిలోలు రావాలి. అసలు ఇంజనులో మూడు పెద్ద ఇరుసుల మీద పడే బరువు 58 టన్నులు. నమూనాలో 40 కిలోలు. ఇక లాగే బలం. అసలు ఇంజనుకి బాయిలరులో చదరపు అంగుళానికి 225 పౌండ్ల పీడనం, 18.5 అంగుళాల వ్యాసమున్న రెండు సిలిండర్లు. దాని లాగుడు బలం 27,275 పౌండ్లు, సుమారు 12.4 టన్నులు. ఈ బలం పిస్టన్ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 128 రెట్లే తగ్గుతుంది. పీడనం అంతే ఉంచితే నమూనా లాగుడు 97 కిలోలు!

చక్రాల మీద 40 కిలోలుంటే ఇనుప పట్టా ఇచ్చే పట్టు అందులో నాలుగో వంతు, పది కిలోలు. 97 కిలోల బలం పెడితే బండి కదలదు, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అసలు ఇంజనులో లాగుడు బలానికీ చక్రాల మీది బరువుకీ ఉన్న పొత్తు నమూనాలోనూ రావాలంటే పీడనాన్ని కూడా 11.3తో భాగించి 20 పౌండ్లకి దించాలి. లెక్క ప్రకారం అది సబబే. చేసి చూస్తే ఇంజను ముందుకి సాగదు. కారణం వేడి.

గ్లాసులో పోసిన వేణ్నీళ్లు బిందెలో ఉన్న వేణ్నీళ్లకంటే ముందు చల్లారతాయి. చిన్న వస్తువుకి ఘనపరిమాణంతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. వేడి ఒంటిమీదుగానే పోతుంది. అయిదంగుళాల నమూనాలో ప్రతి చుక్క ఆవిరికీ తగిలే సిలిండరు గోడ అసలు ఇంజనుతో పోలిస్తే 11.3 రెట్లు ఎక్కువ. బలహీనమైన 20 పౌండ్ల ఆవిరి పిస్టన్‌ని తోసేలోపే గోడలకి తగిలి నీళ్లయిపోతుంది. ఈ బాధ లేకుండా చెయ్యాలంటే పీడనం పెంచాలి, ఆవిరిని మళ్లీ నిప్పు మీదుగా గొట్టాల్లో తిప్పి ఇంకా కాచాలి. ఇన్నేళ్ల అనుభవంలో నమూనాకారులు స్థిరపడింది 80 నుంచి 100 పౌండ్ల మధ్య. ఆ పీడనం దగ్గర బలం ఇంకా అవసరానికి మించే ఉంటుంది కాబట్టి డ్రైవరు రెగ్యులేటర్‌ని సుతారంగా తెరవాలి. అలా నడిపితే 53 కిలోల ఇంజను తనకంటే బరువైన పెద్దమనుషుల్ని అరడజను మందిని వెంట లాక్కుపోతుంది. బాల్ బేరింగుల మీద తిరిగే బళ్లని కదిలించడానికి కొద్ది కిలోల లాగుడే చాలు.

ఇక బాయిలరు. ఇక్కడ ప్రకృతి కాస్త దయ చూపింది. గొట్టంలాంటి బాయిలరు గోడమీద పడే ఒత్తిడి లోపలి పీడనాన్నీ, వ్యాసాన్నీ, గోడ మందాన్నీ బట్టి ఉంటుంది. వ్యాసం, మందం ఒకే వంతున తగ్గితే ఒత్తిడి మారదు. ఓల్టన్ హాల్ బాయిలరు వెనకవైపు వ్యాసం 5 అడుగుల 6 అంగుళాలు. నమూనాలో 148 మి.మీ. దానికి 3 మి.మీ. రాగి రేకు చుట్టి 90 పౌండ్ల పీడనం పెడితే రేకులో వచ్చే ఒత్తిడి రాగిని తెంపే ఒత్తిడిలో పదో వంతు కూడా కాదు. అసలు ఇంజనులో బాయిలరు ఉక్కుది. నమూనాకి రాగి ఎందుకంటే, రాగి తుప్పు పట్టదు, వేడిని చక్కగా లాగుతుంది, వెండి కలిసిన టంకంతో అతుకుతుంది. మామూలు రేడియో పనికి వాడే తగరం టంకం ఇక్కడ పనికిరాదు. ఆవిరి వేడికే మెత్తబడుతుంది. వెండి టంకం కరగడానికి 600 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాలి.

ఆ టంకం వేసే పనిని దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది అది ఎంత నేర్పున్న పనో. రాగి రేకుల్ని ఆమ్లంలో కడిగి మెరిపిస్తారు. అతుకు పొడవునా టంకం పారేలా చేసే తెల్లటి ఫ్లక్స్ ముద్ద రాస్తారు. పెద్ద గ్యాసు మంటతో అతుకుని కాదు, మొత్తం వస్తువునే కాలుస్తారు, ఎందుకంటే రాగి వేడిని ఒకచోట నిలవనివ్వదు. ఫ్లక్స్ ముందు పొంగుతుంది, తర్వాత అణుగుతుంది, చివరికి గాజులా నీరవుతుంది. రాగి మసక ఎరుపు తేలిన ఆ క్షణంలో టంకం తీగ తగిలిస్తే అది మంటకి కాకుండా రాగి వేడికే కరిగి, వెలుగు గీతలా సందులోకి తనంతట తనే పాకిపోతుంది. సన్నని సందుల్లోకి ద్రవం పాకే ఈ గుణం మీదే బాయిలరు మొత్తం నిలబడుతుంది. సందు ఎక్కువైతే టంకం పాకదు, తక్కువైతే దూరదు. మూలల్లోని అతుకు ఒకటి సరిగ్గా రాకపోతే మళ్లీ మొదటినుంచి కాల్చాలి. అప్పటికే అతికినవి ఊడిపోకుండా చూసుకోవడానికి ముందు అతుకులకి ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాతివాటికి తక్కువ వేడికి కరిగేది వాడతారు.

పూర్తయిన బాయిలరుని వెంటనే నిప్పు మీద పెట్టరు. ముందు చన్నీళ్లతో నింపి, పంపుతో పనిచేసే పీడనానికి రెట్టింపు ఎక్కిస్తారు. నీళ్లే ఎందుకంటే నీళ్లు అణగవు. ఎక్కడైనా పగిలితే నాలుగు చుక్కలు కారి పీడనం పడిపోతుంది. అదే ఆవిరో గాలో అయితే అణిగిన స్ప్రింగులా ఉన్న శక్తంతా ఒక్కసారి బయటికొచ్చి మనిషిని చంపుతుంది. బ్రిటన్ క్లబ్బుల్లో ఈ పరీక్ష పాసైన సర్టిఫికెట్టు లేనిదే ఇంజనుని జనం మధ్య నడపనివ్వరు. సరదా పని కదా అని ఇందులో సడలింపు ఉండదు, ఉండకూడదు.

బాయిలరులో దయ చూపిన ప్రకృతి, దాని లోపలి గొట్టాల దగ్గర కఠినంగా ఉంటుంది. ఓల్టన్ హాల్ రకం బాయిలరులో నిప్పు వేడిని మోసే రెండంగుళాల గొట్టాలు 176. కొలత ప్రకారం కుదిస్తే ఒక్కోటి 4.5 మి.మీ. అంత సన్నపు గొట్టాల్లో పొగ కదలదు, కాసేపట్లో మసి పూడుకుపోతుంది. గాలి, మసి కుదింపుకి లొంగవు. పైగా బొగ్గు ముక్క మండటానికి కావలసిన గాలి ఎంతో అంత కావాలి. సన్నగా పొడుగ్గా ఉన్న గొట్టాలు పొగని అడ్డుకుంటాయి, లావుగా పొట్టిగా ఉన్నవి వేడిని వృథాగా వదిలేస్తాయి. దీనికి నమూనాకారులు పాటించే సూత్రం ఒకటుంది: గొట్టం పొడవుని లోపలి వ్యాసం వర్గంతో భాగిస్తే, అంగుళాల్లో, 50కీ 70కీ మధ్య రావాలి. మన నమూనాలో గొట్టం పొడవు 400 మి.మీ. వస్తుంది, దానికి తగ్గ వ్యాసం అర అంగుళం, 12–13 మి.మీ. అంటే 176 సన్న గొట్టాలు పోయి ఇరవై, ముప్ఫై లావు గొట్టాలు వస్తాయి. బయటినుంచి చూస్తే అచ్చం ఓల్టన్ హాలే. లోపల వేరే ఇంజను.

నీటి మట్టం చూపే గాజు గొట్టం సంగతి ఇంకా ముఖ్యమైనది. నిప్పు మండే గది, అంటే ఫైర్‌బాక్స్, పైకప్పు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి, లేకపోతే లోహం మెత్తబడి కూలుతుంది. నీళ్లు ఎంతున్నాయో డ్రైవరు ఈ గాజులోనే చూస్తాడు. అర అంగుళం గాజు గొట్టాన్ని 11.3తో భాగిస్తే ఒక మి.మీ. చిల్లరుంటుంది. ఒక మి.మీ. గొట్టంలో చన్నీళ్లు తలతన్యత వల్ల వాటంతట అవే దాదాపు 3 సెంటీమీటర్లు పైకి పాకుతాయి. మొత్తం బాయిలరు వ్యాసమే 148 మి.మీ. అయినప్పుడు ఈ తప్పు ప్రాణాంతకం: గాజులో నీళ్లు నిండుగా కనపడుతుంటాయి, లోపల ఫైర్‌బాక్స్ నెత్తి ఎండిపోయి ఉండొచ్చు. అందుకే నమూనాల్లో 5–6 మి.మీ. గాజు పెడతారు. చూడ్డానికి అది కాస్త మొరటుగా ఉంటుంది. ఉండనివ్వాలి.

ఈ వివేకం ఒక్కరోజులో రాలేదు. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజనీర్’ అనే ఇంగ్లీషు పత్రికలో ఎల్‌బీఎస్‌సీ అన్న కలం పేరుతో కర్లీ లారెన్స్ దశాబ్దాలపాటు రాశాడు. 1920ల దాకా చిన్న నమూనాల్లో స్పిరిట్ దీపం పెట్టడమే రివాజు; చిన్న బాయిలరులో బొగ్గు మండదని పెద్దలు అనేవారు. లారెన్స్ తన రెండున్నర అంగుళాల గేజి ఇంజను ‘ఆయేషా’లో బొగ్గు వేసి, మనుషుల్ని కూర్చోబెట్టుకుని లాగి చూపించాడు. ప్రకృతిని స్కేలుకి కుదించలేం, పని చేసే భాగాల్ని పనికి తగ్గట్టే చెయ్యాలి అన్నది ఆయన వాదన సారం. ఆయన రాసిన పద్ధతిలో, మామూలు ఉద్యోగాలు చేసుకునే వేలమంది ఇంటి వెనక షెడ్డులో ఒక లేత్ మిషను పెట్టుకుని ఇంజన్లు చేశారు.

ఇలా నిజం ఆవిరితో నడిచే నమూనాకి పూర్తిగా ఎదురు నకలు ఒకటి అమెరికాలో ఉంది. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కుల్లో 2014 నుంచి హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ నడుస్తోంది. చూపుకి పూర్తి సైజు ఇంజను, పొగ వస్తుంది, కూత వస్తుంది. బాయిలరు లేదు. రైలుని కొండ రోప్‌వే పద్ధతిలో ఇనుప తాడు లాగుతుంది. లక్షలమందికి ఆనందం ఇచ్చే ఏర్పాటే, కాదనను. కానీ ఏది ఎక్కువ నిజమైన నకలు అంటే, తాడు లాగే పూర్తి సైజు ఇంజను కాదు, గొట్టాలు మార్చుకుని గాజు లావు చేసుకుని తన ఆవిరితో తను నడిచే 1.7 మీటర్ల ఇంజనే అంటాను.

సినిమావాళ్లు చేసే నమూనాలకి మరో లెక్క ఉంది. 1926లో బస్టర్ కీటన్ ‘ద జనరల్’ తీసినప్పుడు అలాంటి లెక్కేమీ పెట్టుకోలేదు. ఆరిగన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ దగ్గర మండుతున్న వంతెన మీదికి నిజం ఇంజనునే తోలి నదిలో పడేశాడు. ఆ తుక్కు ఏళ్ల తరబడి నదిలోనే ఉంది. 1990లో వచ్చిన ‘బ్యాక్ టు ద ఫ్యూచర్ పార్ట్ 3’లో లోయలోకి దూకే ఇంజను మాత్రం నాలుగో వంతు నమూనా. మిగతా సీన్లలో కనిపించే ఇంజను 1891లో తయారైన సియెర్రా రైల్వే మూడో నంబరు. అలాంటి చరిత్ర ఉన్న ఇంజనుని లోయలో పడేస్తారా? అయితే నమూనాతో తీస్తే అడ్డొచ్చేది గురుత్వం. అది నమూనాకి తగ్గదు. 30 మీటర్ల లోయలో పడే వస్తువుకి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. నాలుగో వంతు నమూనాలో లోయ 7.5 మీటర్లు, పడటానికి ఒకటింబావు సెకను. ఉన్నదున్నట్టు చూపిస్తే ప్రేక్షకుడికి అది బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. కాలం పొడవుతోపాటు నాలుగు రెట్లు కాక, దాని వర్గమూలం రెండు రెట్లు తగ్గింది. కాబట్టి సెకనుకి 24 ఫ్రేములకి బదులు కనీసం 48 తియ్యాలి, మామూలు వేగంతో వెయ్యాలి. ఓఓ నమూనాతో అదే సీను తియ్యాలంటే సెకనుకి 200 దాటాలి. నీళ్లు, పొగ ఇంకా మొండివి; బిందువు సైజు, సుడి సైజు నమూనాకోసం తగ్గవు. అందుకే నీళ్లతో తీసే సీన్లకి వీలైనంత పెద్ద నమూనా కడతారు.

రంగు గురించి నమూనాకారుల వాదనలకి అంతు లేదు, అది న్యాయమే. ఓఓ నమూనాని 30 సెం.మీ. దూరం నుంచి చూడటం అసలు ఇంజనుని 23 మీటర్ల నుంచి చూడటంతో సమానం. మధ్యలో ఉన్న గాలి రంగుని కాస్త పాలిపోయేలా చేస్తుంది. పైగా ఇంజను నిలబడేది ఎండలో, నమూనా ఉండేది గదిలో. అసలు డబ్బాలోని రంగునే పూస్తే నమూనా ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. ఒక పిసరు తెలుపు కలిపి, మెరుపు తగ్గించి పూస్తారు. అందులోనూ హాగ్వార్ట్స్ ఇంజనుకి మరో తంటా: మొదటి సినిమాల్లో వెలుగుతో నిండిన ఎరుపు, చివరి సినిమాల్లో బూడిద కలిసిన ఎరుపు. ఏ సినిమా? రంగు పొర మందం కూడా తక్కువ విషయం కాదు. ఒక్క పొర 0.05 మి.మీ. ఉంటే అసలు ఇంజను మీద అది 4 మి.మీ. పూతతో సమానం. రివెట్టు తలలు అందులో మునిగిపోతాయి. అందుకే బ్రష్షు పక్కన పెట్టి ఎయిర్‌బ్రష్‌తో పలచగా జల్లుతారు.

అసలు ఇంజను ఇప్పుడు లండన్‌కి దగ్గర లీవ్స్‌డెన్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ఉంది. 2015 నుంచి జనం ఎక్కి చూస్తున్నారు. ఓల్టన్ హాల్ గురించి తెలుసుకోవాలంటే కొరత లేదు. డ్రాయింగులున్నాయి, ఫొటోలున్నాయి, ఎదురుగా ఇంజనే ఉంది.

మన సినిమా ఇంజన్లకి ఆ అదృష్టం పట్టలేదు. హర్యానాలో రేవాడీ షెడ్డులో ‘అక్బర్’ అనే డబ్ల్యూపీ తరగతి ఇంజను ఉంది. హిందీ సినిమాల్లో చాలాసార్లు కనిపించింది. గుండు ముక్కు, దాని మీద నక్షత్రం, చూస్తే మరచిపోలేం. 1947 నుంచి 1967 దాకా ఈ తరగతివి 755 తయారయ్యాయి. దానికి నమూనా చేద్దామంటే మొదటి అడ్డంకి పట్టాలే. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.; 76.2తో భాగిస్తే 22 మి.మీ. బజారులోని 16.5 మి.మీ. పట్టాల మీద నిలబెడితే డబ్ల్యూపీ ఒంటికాలి మీద నిలబడ్డట్టుంటుంది. పట్టాలు చేత్తో వేసుకోవాలి, చక్రాలు లేత్ మీద తీసుకోవాలి, కొలతలు ఎవరో ఒకరు వెళ్లి తీసుకురావాలి.

ఆ చివరి పని మనలో ఎవరైనా చెయ్యొచ్చు. దేశంలో చాలా స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు ఆవిరి ఇంజన్లు నిలబెట్టి ఉన్నాయి. మీ ఊళ్లో ఉంటే అనుమతి అడిగి, టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తియ్యండి. దగ్గరగా నిలబడి తియ్యకండి, అంచులు వంకరపోతాయి. దూరం వెళ్లి, ఇంజను నడుముకి ఎదురుగా నిలబడి, జూమ్ చేసి తియ్యండి. నంబరు పలక, తేదీ రాసిపెట్టుకోండి. రంగులు మళ్లీ పూసేలోపు, ముక్కలు ఊడేలోపు తీసిన ఫొటోకి విలువ ఎక్కువ. డబ్ల్యూపీ పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు. ఆ చక్రం ఫొటోలో పూర్తిగా పడిందంటే, దాని పక్కనున్న కొలతలన్నీ దాన్నుంచే లెక్కకట్టొచ్చు.